సంతకం పెట్టే చెయ్యి అప్పు పడొద్దు

విమానం అనంగనే మనకు పైలట్ యాదికొస్తడు. తెల్ల అంగీ, భుజాల మీద బంగారు పట్టీలు, నల్ల కండ్లద్దాలు. సినిమాలు చూపించింది ఆయననే. బడి పిల్లలు బొమ్మ గీసేది ఆయననే. కాని ఆ విమానం నేల విడవాలంటే ముందుగాల రికార్డుల ఒక సంతకం పడాలె. ఆ సంతకం లేకుంటే పైలట్ భుజాల మీద ఎన్ని పట్టీలున్నా విమానం కదలదు. ఆ సంతకం పెట్టే మనిషి పేరు ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్. గోర్లల్ల గ్రీజు, జేబుల టార్చిలైటు, చేతుల పానా. ఆయన బొమ్మ ఎవరూ గియ్యరు.

చరిత్ర కూడా ఆయనను ఇట్లనే చూసింది. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు విమానం ఎగిరించిండ్రని చిన్న పిలగాడు కూడా చెప్తడు. మరి ఆ విమానానికి ఇంజిన్ చేసింది ఎవరు? చార్లీ టేలర్. అమెరికాల డేటన్ పట్నంల రైట్ సోదరుల సైకిల్ దుకాణంల పనిచేసే మెకానిక్. వాళ్లు అడిగినంత తేలికైన ఇంజిన్ చేసిచ్చే కంపెనీ దొరకలేదు. టేలర్ ఆ దుకాణంల ఉన్న పనిముట్లతోనే దాదాపు ఆరు వారాలల్ల ఇంజిన్ చేసి చేతుల పెట్టిండు. ఆయన 1956ల చనిపోయిండు. ఆయన పుట్టిన మే 24ను అమెరికాల విమాన మెకానిక్‌ల దినంగ జరుపుకుంటున్నరు. పని చేసినోడు ఒకడు, పేరొచ్చినోడు ఇంకొకడు. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు.

ఈ వారం మేము రాస్తున్నది ఆ పని నేర్చుకునే పిల్లల గురించి. అండ్ల కూడా చిన్న విమానాల పని గురించి. వందల మందిని మోసే ఎయిర్‌బస్, బోయింగ్ కాదు. రెండు సీట్లు, నాలుగు సీట్లు, ముందట ఒక్క పంకా ఉండే శిక్షణ విమానాలు. పైలట్ కావాలనుకునే ప్రతి ఒక్కరు మొదలు ఎక్కేది వీటినే. 2023ల ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టినయి. అన్ని విమానాలు రావాలంటే వేల మంది పైలట్లు కావాలె. వేల మంది పైలట్లు తయారు కావాలంటే శిక్షణ విమానాలు పొద్దంత ఎగరాలె. అవి పొద్దంత ఎగరాలంటే రాత్రంత వాటి ఇంజిన్ మూత విప్పి చూసేటోడు ఉండాలె. పెద్ద విమానాల ముచ్చట పేపర్ మొదటి పేజీల వస్తది. ఈ చివరి మనిషి ముచ్చట ఏ పేజీల రాదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019 అక్టోబర్‌ల వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ చేన్లల్ల శిక్షణ విమానం కూలి నేర్చుకుంటున్న ఇద్దరు చనిపోయిండ్రు. 2022 ఫిబ్రవరిల నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంల ఇంకొకటి కూలి, ఒంటరిగ నడుపుతున్న యువతి ప్రాణం పోయింది. ఈ రెండింటికి మెయింటెనెన్సే కారణమని మేము అంటలేం. కారణం తేల్చాల్సింది విచారణ, పత్రిక కాదు. మేము చెప్పేది ఒక్కటే. ఈ చిన్న విమానాలు ఎగిరేది మన చేన్ల మీద, మన ఊర్ల మీద. అండ్ల కూసునేది ఇరవై ఏండ్ల పిల్లలు. కాబట్టి వాటిని ఎవరు చూస్తున్నరు, వాళ్లు ఎట్ల తయారైతున్నరు అని అడిగే హక్కు మనకున్నది.

మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బులల్ల బాగ తిరిగిన విమానం సెస్నా 152. పెద్దవూరల కూలింది కూడ ఇదే రకం. దీని తయారీ 1977ల మొదలై 1985ల ఆగిపోయింది. అంటే ఈనాడు ఇంటర్ పాసై ఈ చదువుల చేరే పిలగాడి కంటే ఆ మిషన్ ఇరవై ఏండ్లు పెద్దది. నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజిన్. ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం ఎనిమిది. వాటికి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు రెండు. బ్యాటరీ సచ్చినా ఇంజిన్ నడవాలె. ఒక మాగ్నెటో పోయినా ఇంకొకటి నడపాలె. అందుకే అన్నీ జోడు జోడుగ పెట్టిండ్రు. కారు ఆగిపోతే పక్కకు తోస్తం. ఆకాశంల పక్క అనేది లేదు.

ఈ పాత మిషన్‌ను బతికించేది గంటల లెక్క. 50 గంటలు తిరిగినంక ఆయిల్ మారుస్తరు. పాత ఫిల్టర్‌ను పారెయ్యరు. కోసి, మడతలు విప్పి, లోహపు పొడి ఉన్నదా అని చూస్తరు. పొడి మెరిసిందంటే లోపల ఏదో అరుగుతున్నట్టు. 100 గంటలకు ఇంజిన్ పొంటి, రెక్కల పొంటి, తీగల పొంటి పూర్తి తనిఖీ. సిలిండర్ల కంప్రెషన్ చూస్తరు. 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, లోపల ఎంత నిలిచిందో మీటర్ల చూస్తరు. నిలవకుంటే ఎక్కడికెళ్లి పోతున్నదో చెవి పెట్టి వినాలె. సైలెన్సర్ గొట్టం కాడ బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూతి కాడ బుస్సుమంటే పిస్టన్ రింగులు. ఇది పుస్తకం బట్టీ పడితే వచ్చే విద్య కాదు. చెవికి రావాలె, చేతికి రావాలె. చేతికి రావాలంటే ఎగిరే విమానం కాడ నిలబడనియ్యాలె. అసలు కథంత ఇక్కడనే ఉన్నది.

ఇగ లైసెన్స్ సంగతి. తల్లిదండ్రుల చెవిల మొదలు పడాల్సిన ముక్క ఏందంటే, ఈ లైసెన్స్ ఇచ్చేది కాలేజీ కాదు. కేంద్రంల ఉన్న పౌర విమానయాన డైరెక్టరేట్, అందరు డీజీసీఏ అంటరు. దాని నిబంధన పేరు సీఏఆర్-66. ఐరోపా నిబంధనల వరుసల తయారైంది. టర్బైన్ ఇంజిన్ విమానాలకు బీ1.1, పిస్టన్ ఇంజిన్ విమానాలకు బీ1.2, కరెంటు, రేడియో, ఎలక్ట్రానిక్ పరికరాలకు బీ2. ఇంక 2000 కిలోలకు మించకుండ, లోపల గాలి ఒత్తిడి నింపని పిస్టన్ విమానాలకు బీ3. ఇంటర్ ఎంపీసీ గాని, ఇంజినీరింగ్ డిప్లొమా గాని ఉన్న పిల్లలకు ఈ దారి ఉన్నది. గణితం, భౌతికం, ఎలక్ట్రికల్, లోహాలు, ఏరోడైనమిక్స్, పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్, విమాన చట్టాలు, మానవ తప్పిదాలు, ఇట్ల ఒక్కో సబ్జెక్టు ఒక్కో మాడ్యూల్. ప్రతి మాడ్యూల్ల 75 శాతం రావాలె. ఇంటర్ల 35 వస్తే గట్టెక్కినట్టు. ఇక్కడ 74 వచ్చినా ఫెయిలే. ఇందుల తప్పు లేదు. విమానాన్ని నాలుగింట మూడొంతులు కూడ తెలువనోని చేతుల పెట్టొద్దు.

పరీక్షలు అయితే సగం పని. మిగిలిన సగం అనుభవం. బీ1.2 కావాలంటే మూడు తొవ్వలున్నయి. ఏ సాంకేతిక చదువు లేకుంటే ఎగిరే విమానాల మీద మూడేండ్లు పని. తగిన సాంకేతిక పనిల శిక్షణ పొందినోళ్లకు రెండేండ్లు. గుర్తింపు ఉన్న సంస్థల పూర్తి కోర్సు చేసినోళ్లకు ఒక్క ఏడాది. బీ1.1కు ఇవే అయిదు, మూడు, రెండు ఏండ్లు. ఈ లెక్కను మనోళ్లు మళ్లొకసారి చదవాలె. చట్టం ఏమంటున్నది? లక్షల ఫీజు కట్టకున్నా, మూడేండ్లు ఎగిరే విమానాల మీద చెమటోడిస్తే చిన్న విమానాల లైసెన్స్ పరీక్షకు తలుపు తెరిచే ఉన్నదంటున్నది. అమెరికాల కూడ ఇట్లనే. 30 నెలల పని అనుభవం కాయితం మీద చూపిస్తే బడికి పోకున్నా ఇంజిన్, బాడీ రెండింటి పరీక్ష రాయొచ్చు.

చట్టం తలుపు తెరిచింది సరే. హ్యాంగర్ తలుపు ఎవరు తెరుస్తరు?

పేదింటి పిలగాడు వట్టి చేతులతోని పోయి "నేను పని నేర్చుకుంట సారూ" అంటే వాచ్‌మన్ గేటు కాడనే ఆపుతడు. అందుకే చట్టంల ఉన్న మొదటి తొవ్వ కాయితం మీదనే ఉంటది. మిగిలింది సంస్థ తొవ్వ. అక్కడ ఫీజు లక్షలల్ల. ప్రకటనల ఏముంటది? విమానం బొమ్మ, టై కట్టుకున్న పిలగాడు, "నూరు శాతం ఉద్యోగం". కోర్సు పూర్తయినంక చేతికొచ్చేది సర్టిఫికెట్, లైసెన్స్ కాదని చిన్నక్షరాలల్ల కూడ ఉండదు. లైసెన్స్ వచ్చినా కథ ముగియదు. ఆ రకం విమానానికి రేటింగ్ కావాలె. పనిల పెట్టుకున్న సంస్థ ఆథరైజేషన్ ఇయ్యాలె. అప్పుడు గాని సంతకం చెల్లదు. గడిచిన రెండేండ్లల్ల కనీసం ఆరు నెలలు పనిల ఉన్నట్టు చూపకుంటే ఉన్న లైసెన్స్‌తోని కూడ సంతకం పెట్టరాదు. అంటే ఈ లైసెన్స్ పెట్టెల దాచుకునే పట్టా కాదు. రోజూ దున్నితేనే నిలిచే భూమి.

మేము కలిసిన పిల్లలల్ల ఒకడు పేరు రాయొద్దని బతిమాలుకుంట చెప్పిండు: "కోర్సు మొత్తంల నేను ముట్టుకున్న ఇంజిన్ స్టాండు మీద బిగించిందే అన్నా. ఎగిరే విమానం కాడికి పోతే చేతులు వెనకకు కట్టుకోమన్నరు." ఏ సంస్థ అని మేము రాస్తలేం. ఒక సంస్థ మీద కోపం తీర్చుకునుడు కాదు మా పని. అన్ని మంచి సంస్థలు కూడ ఉన్నయి, పిల్లలతోని పని చేయించే గురువులు ఉన్నరు. కాని మంచిది ఏదో, బోర్డు మాత్రమే ఉన్నది ఏదో కరీంనగర్ దిక్కు ఒక రైతు ఎట్ల తెలుసుకోవాలె? ఆయనకు చూపించేది బ్రోచరే. అది చూసే ఆయన ఎకరం అమ్ముతడు.

ఇగ అప్పు సంగతికి వద్దాం. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంల కిస్తీ ఎప్పుడు మొదలైతది? కోర్సు ముగిసినంక ఏడాదికి. బీ1.2కు కోర్సు అయినంక కావాల్సిన అనుభవమే ఒక్క ఏడాది, అదీ చేరిన రోజు నుంచే హ్యాంగర్ దొరికితే. బీ1.1కు రెండేండ్లు. అంటే లైసెన్స్ చేతికి రాకముందే కిస్తీ ఇంటికొస్తది. ఆ ఏడాది, రెండేండ్లు పిలగాడు చేసేది ఏంది? జీతం లేకుండనో, చాయ పైసలకో హ్యాంగర్ల పని. ఊర్ల తండ్రి కిస్తీ కడుతడు, పట్నంల కొడుకు కిరాయి కడుతడు. ఇద్దరికి నిద్ర ఉండదు.

"కష్టపడ్డంక జీతం వస్తది కదా, ఏ చదువుల లేదు ఈ కష్టం?" అని అడిగేటోళ్లు ఉంటరు. వాళ్లకు మా జవాబు ఇదే. వేరే చదువుల అప్పు ఆ ఇంటిని ముంచుతది. ఈ చదువుల అప్పు విమానంల కూసున్నోళ్లను కూడ ముంచుతది.

ఎట్లనో చెప్తం. ఈ వృత్తిల అసలు పని బోల్టు బిగించుడు కాదు. "ఇది ఎగరదు" అని చెప్పుడు. పొద్దుగాల ఆరు గంటలకు ట్రైనీలు లైన్ల నిలబడ్డరు. విమానం ఒక్కరోజు ఆగితే యజమానికి నష్టం. ఫిల్టర్ల పొడి మెరిసింది. "గింత పొడికేమైతది, సంతకం పెట్టు" అని పైనుంచి మాట వచ్చింది. ఆ ఘడియల కలం పక్కకు పెట్టేటోడే ఇంజినీర్. నెల కిస్తీ నెత్తి మీద ఉన్నోడు, ఈ కొలువు పోతే ఇంకో హ్యాంగర్ దొరకదని తెలిసినోడు, ఊర్ల తండ్రి మొఖం కండ్ల ముందట ఆడేటోడు ఆ కలం ఎంతసేపు పక్కకు పెట్టగలడు? మేము పిల్లలను తప్పుపడుతలేం. అట్ల నిలబడ్డోళ్లు ఎందరో ఉన్నరు, వాళ్లకు దండం. కాని ప్రాణాల లెక్కను ఒక్క పిలగాడి ధైర్యం మీద వదిలిపెట్టొద్దు అంటున్నం.

ఇది మా ఊహ కాదు. సిలబస్‌లనే ఉన్నది. తొమ్మిదో మాడ్యూల్ పేరే మానవ తప్పిదాలు. 1993ల కెనడాల గోర్డన్ డ్యూపాంట్ విమాన మెకానిక్‌లు తప్పులు చేయడానికి 12 కారణాలు వరుస పెట్టిండు. అలసట, ఒత్తిడి, తొందర పెట్టుడు, సామాను లేకపోవుడు, అందరు చేసేదే కదా అనే అలవాటు. ఆ పన్నెండుల ఒకటి, గట్టిగ మాట చెప్పలేకపోవుడు. ఆ గొంతును నొక్కేది ఏంది అని మేము అడుగుతున్నం. మన దేశంల దానికి జవాబు చాలా ఇండ్లల్ల ఒక్కటే: అప్పు.

చిన్న తప్పు ఎంత దూరం పోతదో 1990 జూన్ 10న బ్రిటన్‌ల చూసినం. బర్మింగ్‌హామ్ నుంచి లేచిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి ముందటి అద్దం ఊడి, పైలట్ నడుము దాకా బయటకు గుంజుకపోబడ్డడు. లోపలున్నోళ్లు కాళ్లు పట్టుకుంటే బతికిండు. అంతకుముందే రాత్రి పూట ఆ అద్దం మార్చిండ్రు. 90 బోల్టులల్ల 84 బోల్టులు ఉండాల్సిన దానికన్న అంగుళంల 0.026 వంతు సన్నం. జాబితా చూడకుండ పాత బోల్టుతోని సరిపోల్చి తీసుకున్నరు. ఆ పని చేసింది కొత్త పిలగాడు కాదు, అనుభవం ఉన్న షిఫ్ట్ మేనేజర్. మనుషులు తక్కువ, రాత్రి పని, తొందర. అనుభవం ఉన్నోనికే అట్లయితే, నిద్రలేని అప్పులోని మాటేంది?

చట్టం మాత్రం పిలగాడి దిక్కే వేలు చూపుతది. 1934 నాటి విమాన చట్టం జాగల 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలుల ఉన్నది. చట్టం పేరు మారింది గాని సంతకం పెట్టినోని మీద బాధ్యత మారలేదు. విమానానికి ఏమన్నా అయితే మొదలు తెరిచేది ఆ లాగ్‌బుక్కునే. బాధ్యత మొత్తం ఆ చేతి మీద పెట్టినప్పుడు, ఆ చెయ్యిని నిలబెట్టే బాధ్యత ఎవరిది?

భాష సంగతి కూడ చెప్పాలె. విమానాల మాన్యువల్స్ ఇంగ్లిష్‌ల ఉంటయి, అది ప్రపంచ నియమం, దాన్ని మేము కాదంటలేం. కాని విమానాలు తయారు చేసేటోళ్లే 1980లల్ల ఒక సంగతి గుర్తించిండ్రు. చదివే మెకానిక్‌లల్ల చాలామందికి ఇంగ్లిష్ అమ్మ భాష కాదు. అందుకే సులభ ఇంగ్లిష్ ఒకటి తయారు చేసిండ్రు. చిన్న వాక్యాలు, ఒక మాటకు ఒకటే అర్థం. 'క్లోజ్' అంటే మూయుడే, దగ్గర అనే అర్థంల వాడొద్దు. అంతటి కంపెనీలే మెకానిక్ కాడికి దిగొచ్చినయి. మన కాడ మాత్రం సర్కారు బడిల తెలుగుల చదివిన పిలగాడికి మాగ్నెటో గురించి అరగంట ఇంగ్లిష్‌ల ఉపన్యాసం. అర్థమైందా అంటే తలకాయ ఊపుతడు. మాన్యువల్ ఇంగ్లిష్‌ల ఉండనీ. దాని గుట్టు తెలుగుల విప్పి చెప్పే గురువు కావాలె. మెకానిక్ షెడ్డుల పెరిగిన పిలగాడికి ఇంజిన్ గొంతు ముందే తెలుసు. వానికి తెలువనిది దాని ఇంగ్లిష్ పేరే.

మనకు కొదవ ఏందో చూద్దాం. నిజాం కాలం నుంచి బేగంపేట విమానాల జాగ. 2008 మార్చిల ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలినయి. అక్కడ పెద్ద విమానాలు విప్పి బాగుచేసే కేంద్రం నడుస్తున్నది. 2025 నవంబర్‌ల ఫ్రెంచి కంపెనీ సఫ్రాన్ జెట్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం కూడ మొదలైంది. రిబ్బన్లు కత్తిరించినప్పుడు వేల కొలువులని చెప్తరు. భూములిచ్చిన ఊర్ల పిల్లలు ఆ గేటు లోపల పానా పట్టుకుంటరా, గేటు బయట టోపీ పెట్టుకొని నిలబడుతరా? కొలువుల కోసం కొట్లాడిన నేల మీద ఈ ప్రశ్న అడగక తప్పదు.

మేము గొంతెమ్మ కోరికలు కోరుతలేం. ప్రతి శిక్షణ సంస్థ గేటు మీద మూడు అంకెలు రాయాలె: ఎందరు చేరిండ్రు, ఎందరికి లైసెన్స్ వచ్చింది, ఎన్నేండ్లకు వచ్చింది. లైసెన్స్ చేతికొచ్చినంకనే రుణం కిస్తీ మొదలు కావాలె. హ్యాంగర్ల అనుభవం కోసం పనిచేసే ప్రతి పిలగాడికి స్టైపెండ్ ఇయ్యాలె. అప్రెంటిస్‌కు స్టైపెండ్ ఇయ్యాలని 1961 చట్టమే చెప్తున్నది, అది హ్యాంగర్ గుమ్మం కాడ ఆగిపోవద్దు. రాష్ట్ర సర్కారు నడిపే ఏవియేషన్ అకాడమీల ఐటీఐ, పాలిటెక్నిక్ పేద పిల్లలకు చిన్న విమానాల మీద పనిచేసే సీట్లు ఏటా కేటాయించాలె. ఇంక సంతకం పెట్టనందుకు కొలువు తీసేస్తే ఆ యజమాని జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలె.

ఇండ్ల పెద్దలకు మా మాట. పిలగాడు ఈ పని మీద మనసు పెడితే ఆపొద్దు. ఇది గౌరవంగల పని, తెలివిగల పని. కాని డబ్బు కట్టే ముందట కాలేజీ బిల్డింగ్ చూడకుండ్రి, హ్యాంగర్ చూపించుమనుండ్రి. ఎగిరే విమానం ఎన్ని రోజులు ముట్టనిస్తరో కాయితం మీద రాసియ్యుమనుండ్రి. పోయినేడు చదివిన పిల్లల ఫోన్ నంబర్లు అడుగుండ్రి. వచ్చే ఇంటర్ ఫలితాల లోపల ఆ మూడు అంకెలు గేటు మీద రాయని సంస్థకు ఒక్క రూపాయి కూడ కట్టొద్దని ఊరూరికి పోయి మేము చెప్తం.